జాగ్రత్త: ఫిక్స్‌డ్ గేర్ అని చెప్పి మామూలు ఫ్రీవీల్ హబ్‌నే అంటగడుతున్నారు

హైదరాబాద్‌లో సింగిల్ స్పీడ్ (ఒకే గేరున్న) సైకిల్‌ని ఫిక్సీగా, అంటే చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు కూడా తిరిగే ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌గా మార్పించుకోవాలనుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. ఒక షాపులో నా దగ్గర ఫిక్సీకి వాడే ట్రాక్ హబ్ (హబ్ అంటే చక్రం మధ్యభాగం) ధర తీసుకుని, పాత ఫ్రీవీల్ హబ్ (తొక్కడం ఆపినా చక్రం తిరిగే మామూలు రకం) మీదే కాగ్ (చెయిన్ తగిలే పళ్ల చక్రం) ఎక్కించి ఇచ్చారు. జూబ్లీహిల్స్‌లో దిగుడు రోడ్డు మీద వేగం తగ్గించడానికి పెడల్‌ని వెనక్కి అదిమితే, ఒక్కసారిగా కాళ్ల కింద పట్టు పోయింది. చక్రం మాత్రం అదే వేగంతో పోతూనే ఉంది. ముందు బ్రేకు ఉండబట్టి ప్రాణాలతో బయటపడ్డాను.

తర్వాత వేరే మెకానిక్ చక్రం విప్పి చూపించాడు. కాగ్ చేత్తోనే ఊడి వచ్చింది. దాని కింద ఎర్రటి గమ్ ఎండిపోయి పొరలుగా రాలుతోంది. పైన బిగించింది బాటమ్ బ్రాకెట్‌కి (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) వాడే లాక్‌రింగ్ (మరతో బిగించే రింగు). హబ్ మరలు సగం అరిగిపోయాయి.

ముందుకు తొక్కినప్పుడు కాగ్ హబ్ మీద ఇంకా బిగుసుకుంటుంది, వెనక్కి అదిమితే ఊడబోతుంది. ఫ్రీవీల్ వెనక్కి ఊరికే తిరుగుతుంది కాబట్టి దాని హబ్‌కి ఒకే మర చాలు. అసలైన ట్రాక్ హబ్‌కి మరలున్న రెండు మెట్లుంటాయి. లోపలి మెట్టు 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. మన ఫ్రీవీల్ హబ్‌లకి మామూలుగా ఉండేదీ ఇదే కొలత, అందుకే ట్రాక్ కాగ్ దాని మీద చక్కగా ఎక్కేస్తుంది, మనకి అనుమానం రాదు. బయటి మెట్టు కాస్త చిన్నది, 1.29 అంగుళాలు, మర ఎడమవైపుది. దాని మీది లాక్‌రింగ్ గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పితే బిగుస్తుంది. కాగ్ ఊడబోయిన కొద్దీ ఆ రింగ్ ఇంకా బిగుసుకుని దాన్ని ఆపేస్తుంది. నాకు వేసిన రింగ్ మర కుడివైపుదే, కాగ్‌తో పాటే అదీ ఊడిపోతుంది. సైక్లిస్టులు దీన్ని సూసైడ్ హబ్ అనేది ఇందుకే.

ఫ్రీవీల్‌ని వెల్డింగ్ చేసి ఫిక్స్ చేస్తామనేవాళ్లని అసలు నమ్మొద్దు. వెల్డింగ్ ఎంత గట్టిగా ఉన్నా, ఫ్రీవీల్ మొత్తంగా హబ్ మీంచి ఊడి వస్తుంది.

షాపుకి వెళ్లి అడిగితే, "గట్టిగా అదిమితే ఎవరిదైనా ఊడుతుంది సార్" అన్నారు. పచ్చి అబద్ధం. వెలోడ్రోమ్‌లో (సైకిల్ పందేల ట్రాక్) ట్రాక్ సైకిళ్లకి బ్రేకులే ఉండవు, వాళ్లు వేగం తగ్గించేది కాళ్లతోనే. డబ్బు ఇంతవరకూ వెనక్కివ్వలేదు.

చక్రం బిగించకముందే మీ ఎదురుగా లాక్‌రింగ్ విప్పించండి. అది గడియారం దిశలో తిరిగి ఊడాలి, కింద చిన్న మెట్టు విడిగా కనపడాలి. కనపడకపోతే చక్రం తీసుకోకండి. మీ దగ్గర ఆరు బోల్టుల డిస్క్ హబ్ (డిస్క్ బ్రేకు బిగించే రకం) ఉంటే, డిస్క్ స్థానంలో బోల్టులతో బిగించే కాగ్ దొరుకుతుంది. దానికి మరలతో పనే లేదు, ఊడే ప్రశ్నే రాదు. చెయిన్ బిగువు సరిచేసుకోవడానికి ఫ్రేమ్‌లో చక్రం వెనక్కి జరిగే గాడి ఉందో లేదో కూడా చూడండి.

బిల్లులో "ట్రాక్ హబ్, ఎడమ మర లాక్‌రింగ్" అని రాయించుకోండి. ఇప్పటికే ఇలా మార్పించుకున్నవాళ్లు హబ్ విప్పి చూసేదాకా దిగుడు రోడ్లకి వెళ్లకండి, ముందు బ్రేకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయించకండి.