నీలం-పసుపు మఫ్లరు: ప్లౌ లేన్ నుంచి తార్నాకకు

తార్నాకలో ఉన్ని మఫ్లరుతో ఏం పని అని ఇంట్లో అందరూ అడిగారు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున నడకకు వెళ్లేవారికి పని ఉంటుంది. అయినా నేను కొన్నది చలి కోసం కాదు, ఆ క్లబ్బు కోసం. ఇంగ్లండ్‌లోని ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు సొంత దుకాణం నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించాను. సరుకు ధర, పోస్టు ఖర్చు, కస్టమ్స్ సుంకం అన్నీ కలిపి నాలుగు వేలు దాటింది.

ముందు వస్తువు సంగతి. అల్లిక దట్టంగా ఉంది. అక్షరాలు పైన అచ్చు వేసినవి కావు, అల్లికలోనే వచ్చాయి. వేలితో తడిమితే ముదురు నీలం, పసుపు దారాలు కలిసే చోట చిన్న గట్టులా తగులుతుంది. మెడకు గుచ్చుకోదు. అయితే ఇక్కడ కొరియరు వాళ్లు పొట్లాన్ని వానలో ఎక్కడో వదిలేశారు. ఒక మూల చిరిగి, కుచ్చులకు బురద పట్టి చేతికొచ్చింది. బకెట్‌లో చన్నీళ్లతో ఉతికాను. నీళ్లు బురదగా మారాయి కానీ నీలం మాత్రం దిగలేదు, పసుపు పసుపుగానే ఉంది. దాంతో నా మనసు కుదుటపడింది.

చూసినవారంతా టెన్నిస్‌దా అని అడుగుతున్నారు. టెన్నిస్‌ది కాదు. 1889లో ఒక బడి పూర్వ విద్యార్థులు పెట్టుకున్న పాత వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బుతో మొదలైంది ఈ కథ. ఆ క్లబ్బు 1977లో ఇంగ్లండ్ వృత్తి జట్ల ఫుట్‌బాల్ లీగ్‌లో అడుగుపెట్టి, 1986కల్లా అన్నిటికంటే పై మెట్టయిన మొదటి డివిజన్‌కు ఎక్కింది. 1988 మే 14న వెంబ్లీలో ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్పు ఫైనల్. ఎదురుగా లివర్‌పూల్. వింబుల్డన్ ఆటగాడు లారీ సాంచెజ్ తలతో కొట్టిన గోలు ఒక్కటే, దాంతోనే కప్పు గెలిచారు. లివర్‌పూల్ ఆటగాడు జాన్ ఆల్డ్రిడ్జ్ పెనాల్టీని వింబుల్డన్ గోల్‌కీపర్ డేవ్ బెసెంట్ ఎడమవైపు దూకి ఆపాడు. ఎఫ్‌ఏ కప్పు ఫైనల్లో పెనాల్టీని ఆపిన మొదటి గోల్‌కీపర్ అతనే.

మూడేళ్లకే, 1991లో, తమ ప్లౌ లేన్ మైదానం వదిలి సెల్హర్స్ట్ పార్కులో అద్దెకు ఆడవలసి వచ్చింది. 2002 మే 28న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం వేసిన ముగ్గురు సభ్యుల కమిషన్ 2-1 తీర్పుతో ఆ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించుకోవచ్చని అనుమతించింది. మనకు నల్గొండ ఉన్నంత దూరం. అభిమానులు కొత్త క్లబ్బు పెట్టుకోవడం ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు తగదని కూడా ఆ నివేదికలో రాశారు. ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది.

ఆ అభిమానులు రెండు రోజులకే కొత్త క్లబ్బు పెట్టుకున్నారు, అదే ఏఎఫ్‌సీ వింబుల్డన్. నెల తిరగకుండా వింబుల్డన్ కామన్ పచ్చికలో ఆటగాళ్ల ఎంపిక జరిగింది. జులైలో సట్టన్ యునైటెడ్‌తో మొదటి స్నేహపూర్వక మ్యాచ్‌లో 4-0 తేడాతో ఓడారు. ఆ ఓటమి చూడటానికి వచ్చినవారు 4,657 మంది! తర్వాత లీగ్‌లో వరసగా 78 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడారు. తొమ్మిది సీజన్లలో ఐదు మెట్లు ఎక్కి, 2011లో లూటన్‌ను పెనాల్టీల్లో 4-3తో గెలిచి మళ్లీ ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. 2020 నవంబరు 3న ప్లౌ లేన్‌లోనే, పాత చోటుకు దగ్గర్లో కట్టుకున్న కొత్త మైదానంలో డాంకాస్టర్‌తో 2-2గా ఆడారు. కోవిడ్ వల్ల ఆ రోజు గ్యాలరీలు ఖాళీ. పద్దెనిమిదేళ్లు దాని కోసమే చందాలు పోగుచేసినవారు ఇంట్లో తెర ముందు కూర్చోవలసి రావడం నాకు ఇప్పటికీ బాధ.

మా నగరం జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా ఊరు మారింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెర్సీలు వేసుకుని నేనూ మా అమ్మాయీ అరిచిన సాయంత్రాలు ఎన్నో. వార్త తెలిసిన రోజు "నాన్నా, ఇక మన జట్టు ఏది?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచక వింబుల్డన్ కథ చెప్పాను. అది విని, కొనమని పట్టుబట్టింది తనే. ఆ క్లబ్బులో పెద్ద వాటా నేటికీ డాన్స్ (Dons, జట్టు ముద్దుపేరు) ట్రస్టు పేరుతో అభిమానుల చేతిలోనే ఉంది. నా నాలుగు వేలలో క్లబ్బుకు చేరేది కొంతే అయినా, అది టిక్కెట్టు కొని గ్యాలరీలో నిలబడేవారి దగ్గరికే వెళ్తుందన్నది నాకు ముఖ్యం.

కొనాలనుకునేవారు చిరునామాలో ఫ్లాటు నంబరు, దగ్గర్లోని గుర్తు, ఫోను నంబరు తప్పక రాయండి. వానాకాలం దాటాక తెప్పించుకుంటే ఇంకా మంచిది. ఉతికాక నీడలో పరిచి ఆరబెట్టండి, తీగ మీద వేలాడదీస్తే బరువుకు సాగుతుంది. మాది ఆరాక మా అమ్మాయి తన గదిలో పాత పసుపు జెర్సీ ఉన్న కొక్కేనికే తగిలించుకుంది. చలి మొదలయ్యాక ఉదయం నడకకు ఇస్తావా అని అడిగితే, ఆదివారాలు మాత్రమే అంది.