సంగీత చిత్రానికి ఏ హాలు, ఏ ఆట మేలు?

పాటలున్న సినిమా వేరు, పాటే కథ అయిన సినిమా వేరు. ఒక గాయకుణ్ణో, వాగ్గేయకారుణ్ణో, నర్తకినో మధ్యలో నిలిపి అల్లిన చిత్రం ఊళ్లోకి వచ్చిందంటే కడపలో మా బంధుమిత్రుల మధ్య ఒకటే చర్చ. విడుదల రోజే జనంలో పడి చూడాలా? రద్దీ తగ్గాక పనిరోజు మ్యాట్నీకి వెళ్లాలా? తిరుపతికో బెంగళూరుకో వెళ్లినప్పుడు మల్టీప్లెక్సులో చూస్తే సరిపోతుందా? కొన్ని వారాలు ఆగితే ఇంట్లో టీవీకే వస్తుంది కదా? నా ఓటు నిండిన పాత హాలుకే. అయితే విడుదల రోజున కాదు, రెండో ఆదివారం ఫస్ట్ షోకు.

ఖాళీ హాలు కావాలనేవారి మాట ముందుగా వినాలి. వాళ్లు సంగీతం మీద ప్రేమతోనే ఆ మాట అంటారు. తంబూరా శ్రుతి చాలా సన్నని నాదం. ఆలాపన మొదట్లో గాయకుడు మంద్రస్థాయిలో, తనలో తాను అనుకుంటున్నంత మెల్లగా పలుకుతాడు. పక్క సీటులో ఎవరో వేరుసెనగ కాయలు ఒలుస్తుంటే ఆ పలుకు చెవిదాకా రాదు. ఇంతవరకు వాళ్లతో నాకు పేచీ లేదు.

కానీ మన పాత హాళ్లు ఎలా కట్టారో కూడా చూడాలి. ఎత్తయిన కప్పు, గట్టి గోడలు, రెగ్జిన్ తొడిగిన ఇనుప కుర్చీలు. ఇవేవీ ధ్వనిని పెద్దగా పీల్చుకోవు, తిప్పికొడతాయి. పీల్చుకునేవి మనుషుల దేహాలు, వాళ్ల బట్టలు. అందుకే ఇలాంటి హాలు ఖాళీగా ఉంటే ప్రతిధ్వని ఎక్కువసేపు నిలుస్తుంది. ఒక స్వరం ఆరకముందే ఇంకో స్వరం దాని మీదికి వచ్చి పడుతుంది. విలంబంగా, అంటే నిదానంగా సాగే పాటకు అది కొంత నిండుదనం ఇస్తుందేమో గానీ, వేగంగా స్వరాలే పాడే చిట్టస్వరాల దగ్గరికి, మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం దగ్గరికి వచ్చేసరికి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండాల్సిన ఎడం చెరిగిపోయి అంతా ముద్దవుతుంది. అదే హాలులో కుర్చీలన్నీ నిండితే ప్రతి జతీ విడివిడిగా వినిపిస్తుంది. మెత్తని గుడ్డ కుర్చీలున్న కొత్త హాళ్లలో ఈ తేడా బాగా తక్కువ. ఆ కుర్చీలు ఖాళీగా ఉన్నా మనిషి కూర్చున్నప్పుడు పీల్చుకున్నంత ధ్వనిని దాదాపుగా పీల్చుకునేలా తయారుచేస్తారు. కాబట్టి మ్యాట్నీ మంచిదా కాదా అన్నది హాలును బట్టి ఉంటుంది.

ఇంకో సంగతి. జనం లేకపోతే నిశ్శబ్దం దొరుకుతుందని అనుకుంటాం. మే నెలలో కడప మ్యాట్నీ అంటే బయట 40 డిగ్రీలు దాటిన ఎండ. ఏసీ లేని హాలులో ఫ్యాన్లన్నీ తిరగాల్సిందే. వేరుసెనగ కాయల చప్పుడు వచ్చి పోయేది. ఫ్యాన్ల రొద మూడు గంటలూ ఆగదు, తంబూరాను మొదటినుంచి చివరిదాకా కప్పేస్తుంది.

ధ్వని లెక్కలకంటే నాకు ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. కచేరీ ఒక్కడు పాడి ముగించేది కాదు. విద్వాంసుడు పాడిన పంక్తినే కొత్త మలుపుతో మళ్లీ పాడి ఒక ‘సంగతి’ వేయగానే ముందు వరసలో ఒకరు తల ఊపుతారు, ఇంకొకరు తొడ మీద తాళం వేస్తారు, ఎవరో ‘భళా’ అంటారు. ఆ స్పందన చూసి ఆయన మరో సంగతికి ఎక్కుతాడు. తెర మీది గాయకుడికి మనం కనబడం, నిజమే. కానీ పక్కవాళ్లు మనకు కనబడతారు. రాగం పేరు తెలియని మనిషికి ఇప్పుడేదో గొప్పది జరిగిందని తెలిసేది పక్కనున్న పెద్దాయన కళ్లు మూసుకుని తల ఊపడం వల్లనే. సంగీతం నేర్చుకోనివాళ్లలో ఎంతోమందికి చెవి తయారైంది ఇలాంటి గుంపుల్లో కూర్చునే. ఒంటరిగా చూసినవారికి ఆ చదువు దొరకదు.

ఈ విషయంలో మా జిల్లాకు పాత అలవాటుంది. 1885లో వనారస గోవిందరావు ‘కీచక వధ’తో మొదలుపెట్టిన సురభి నాటకం పుట్టింది కడప జిల్లాలోని సురభి గ్రామంలోనే. పద్యనాటకంలో నటుడు రాగం తీసి పద్యం ముగించగానే జనంలోంచి ‘వన్స్‌మోర్’ అని కేక లేవడం, ఆయన మళ్లీ అందుకోవడం ఆటలో భాగం. హరికథలో దాసుగారు అడిగీ అడగకముందే సభంతా గోవింద కొడుతుంది. పండరి భజనలో ఆడేవాళ్లెవరో చూసేవాళ్లెవరో కాసేపటికి చెప్పలేం. కడప పెద్ద దర్గా ఉరుసులో కవ్వాలీ వినేవాళ్లు ‘వాహ్వా’ అంటుంటేనే పాడేవాళ్లకు ఊపు వస్తుంది. ఏ.ఆర్. రెహమాన్ ఏళ్లుగా ఆ దర్గాకు వస్తున్నారన్నది ఊరందరికీ తెలిసిందే. ఇన్ని రకాలుగా పాటలో పాలుపంచుకుంటూ పెరిగిన శ్రోతలు సినిమా హాలులో చప్పట్లు కొడితే దాన్ని అల్లరి అనడానికి నాకు మనసొప్పదు.

1997లో ‘అన్నమయ్య’ వచ్చింది. ఆ చిత్రానికి ఎం.ఎం. కీరవాణి ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నారు. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక రాజంపేట పక్కనే. ఆ కీర్తనలు ఇక్కడివారికి సినిమా చెప్పాల్సినవి కావు. గుళ్లో, భజన మందిరంలో, ఇంట్లో ఊయల దగ్గర ముందే విన్నవి. అలాంటి చిత్రం ఆడుతున్నప్పుడు తెర మీద పల్లవి ఎత్తుకోగానే హాలులో గొంతులు కలవకుండా ఎలా ఉంటాయి? కలవాలి కూడా. ఒకే కీర్తనను తెర మీది గాయకుడూ, వెనక వరసలోని అమ్మలూ కలిసి పాడుతుంటే కలిగే పులకింతను ఏ స్పీకరూ ఇవ్వలేదు. ఆలాపనకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. అక్కడ పాడుతున్నవాడికే దారి తెలుసు, వినేవాళ్లు నోరు మూసుకోవలసిందే.

మరి జనమే కావాలంటే విడుదల రోజు ఎందుకు వద్దు? ఆ రోజు నిండేది వేరే జనం. వాళ్లు కథానాయకుడి కోసం వస్తారు, పాట కోసం కాదు. మొదటి అరగంట ఈలలు, కాగితం ముక్కలు. కథానాయకుడు వీణ ముందు కూర్చున్నాడన్నదే వాళ్లకు సంబరం, తీగ మీటేసరికి ఆ సంబరం ఇంకా చల్లారదు. ఆ అరుపులను మించాలని హాలువాళ్లు ధ్వని పెంచుతారు. సినిమా శబ్దాలను కూర్చేటప్పుడు ఒక ప్రామాణిక స్థాయిలో, హాలు పరికరం మీద 7 అంకె దగ్గర వినిపించాలన్న లెక్కతో కూరుస్తారు. దాన్ని దాటించి పెంచితే మాటలకు పెద్ద నష్టం లేకపోవచ్చు, తారస్థాయిలో పాడే గొంతు మాత్రం చెవిని పొడుస్తుంది. వేణువైతే మరీ. అభిమానుల ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను, అది వాళ్ల పండగ. వినడానికి వచ్చేవారికి ఆ రోజు చోటు లేదు, అంతే.

రెండో ఆదివారానికి జనం మారుతుంది. సంగీత చిత్రాలను నిలబెట్టేది నోటిమాట. 1980లో పేరున్న కథానాయకుడు లేకుండా, నడివయసు దాటిన శాస్త్రీయ గాయకుడే కథానాయకుడిగా వచ్చిన ‘శంకరాభరణం’ మొదట పలచగా మొదలై నోటిమాటతోనే హాళ్లు నింపుకుంది. చూసినవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లను తీసుకుని మళ్లీ వస్తారు. సంగీతం మాస్టార్లు పిల్లలను వెంటబెట్టుకుని వస్తారు. ఎక్కడ ఊరుకోవాలో, ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలిసిన మనుషులు హాలులో సగం మంది ఉంటే మిగతా సగం వాళ్లను చూసి సర్దుకుంటుంది. ఫస్ట్ షో అనడానికి కారణం సులువు. ఎండ తగ్గుతుంది, కుటుంబాలు వచ్చే వేళ, సెకండ్ షోలా నిద్రమత్తు ఉండదు. మా లాంటి ఊళ్లో ఒక చిక్కు మాత్రం ఉంది. జనం రాలేదని తోస్తే వారానికే సినిమా ఎత్తేస్తారు. శుక్ర, శని వారాల్లో హాలు వెలవెలబోతోందని వింటే ఆగకుండా మొదటి ఆదివారమే వెళ్లండి.

మల్టీప్లెక్సు గురించి ఎక్కువ చెప్పాల్సిందేమీ లేదు. ధ్వని శుభ్రంగా ఉంటుంది. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ పద్ధతిలో 128 దాకా ధ్వని ప్రవాహాలను 64 దాకా విడి స్పీకర్లకు పంచవచ్చు, కప్పు నుంచి కూడా. కొండ మీద కోవెల గంటలూ వానా అద్భుతంగా వినిపిస్తాయి. కానీ కచేరీ మన ముందు జరిగేది. గాయకుడు తెర మీద ఉండగా గొంతు వీపు వెనకనుంచి వస్తే నాకు నచ్చదు. పైగా పక్క తెరలో పోరాటాల చిత్రం ఆడుతుంటే ఆ మంద్ర ధ్వని గోడ దాటి వచ్చి మన ఆలాపనలో గుబగుబలాడుతుంది. చిన్న హాలు, చిన్న జనం. చప్పట్లు మొదలుపెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

ఇంటి తెరకు ఒక్క సుగుణం ఉంది, వెనక్కి తిప్పుకోవచ్చు. సాహిత్యం అందకపోతే చరణం మళ్లీ వినవచ్చు. హాలులో చూసి వచ్చాక రెండోసారికి ఇల్లు మంచి చోటు. మొదటిసారికి మాత్రం కాదు. హాలుకు వచ్చే డిజిటల్ ప్రతిలో ధ్వని కుదింపు లేకుండా 24 బిట్లలో ఉంటుంది. ఇంటికి ఇంటర్నెట్టులో వచ్చేది బాగా కుదించినది. ఆ పైన సన్నటి టీవీ చిన్న స్పీకర్లలో మృదంగం కుడిచేతి టకటకలే మిగిలి, ఎడమచేతి గంభీరమైన నాదం ఎగిరిపోతుంది. సగం మృదంగం వినడం మృదంగం వినడం కాదు.

ఇక సీటు. బాల్కనీ అంటే గొప్ప అన్న భావం మనలో ఇంకా పోలేదు. సంగీత చిత్రానికి అది అన్నిసార్లూ పనికిరాదు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళుతుంది. తెరకు 34 మీటర్ల దూరంలో కూర్చుంటే శబ్దం బొమ్మకంటే పదోవంతు సెకను ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది రెండు ఫ్రేములకు పైనే. మాటల్లో ఈ జాప్యం అంతగా పట్టించదు. మృదంగం మీద చేయి పడ్డాక దెబ్బ వినిపిస్తే తాళం తెలిసిన కన్ను వెంటనే పట్టేస్తుంది. పొడవాటి పాత హాళ్లలో బాల్కనీ చివరి వరసలకు ఈ బాధ ఉంటుంది. బాల్కనీ కింద ఇరుక్కున్న వరసలూ వద్దు, పైకప్పు అడ్డుపడి పై స్వరాలు మొద్దుబారుతాయి. కింది తరగతిలో తెర నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, నడుమ సీట్లు, నెత్తిన బాల్కనీ లేనివి అడిగి తీసుకోండి. బాల్కనీలోనే కూర్చోవాల్సి వస్తే ముందు వరస చాలా మంచిది. నడవా పక్కన కూర్చుంటే ఒక వైపు స్పీకర్లే గట్టిగా వినిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం ఆ సీటే ఇవ్వాలి.

వెళ్లడం కూడా ముందే వెళ్లాలి. ప్రకటనలు అయ్యాక పోదాంలే అని బండి పెట్టే చోట ఆలస్యం చేస్తే తెర మీద పేర్లు దాటిపోతాయి. చాలా సంగీత చిత్రాల్లో కథకు ఆధారమైన రాగాన్ని మొదట వినిపించేది ఆ పేర్ల వెనకే.