పన్నెండు అక్షరాల పేరు, 62 పౌండ్ల టాక్సీ

ఇంగ్లండ్‌లో చెషైర్ పల్లెలు చూడాలనుకునేవాళ్ళు సొంత కారు లేకపోతే ఆశ వదులుకోండి. విట్‌చర్చ్ స్టేషన్ నుంచి చమ్లీ కోట పట్టుమని పన్నెండు కిలోమీటర్లుండదు, రానూపోనూ టాక్సీకి మాకు 62 పౌండ్లు వదిలాయి. ఫోన్‌లో 22 అన్న మనిషి దిగాక ఆదివారం రేటు అంటూ 28 గుంజాడు. తిరుగు ప్రయాణానికి గంట నిలబెట్టి 34 తీసుకున్నాడు. మా ఆయన ఆ రాత్రి భోజనం దాకా మాట్లాడలేదు.

పైగా ఆయన కాగితంలో ఉన్నట్టే ‘చోల్మాండలీ’ అని చెబితే డ్రైవర్ నవ్వాడు. ఇంగ్లీషులో రాసేది పన్నెండు అక్షరాలు (Cholmondeley), పలికేది చమ్లీ అని. అసలు ఈ అరుదైన ఇంటిపేరు కోసమే నేను బయల్దేరింది. 1086లో విలియం రాజు రాయించిన భూముల లెక్కల్లోనే ఈ ఊరుంది. చెయోల్‌ముండ్ అనే ఆసామి పేరుమీద, అడవి కొట్టి చదును చేసిన నేల. తర్వాత పక్కనే ఉన్న మాల్పాస్ జమీందార్ల వంశంలో ఒక శాఖకి ఈ ఊరు దక్కింది, మన దగ్గర లాగే ఊరిపేరే ఇంటిపేరయింది. 1706లో ఎర్ల్, 1815లో మార్క్విస్ బిరుదులొచ్చాయి. ప్రధాని వాల్పోల్ కూతుర్ని చేసుకున్న పుణ్యాన 1797లో నార్ఫోక్‌లోని హౌటన్ భవనం కూడా వీళ్ళదయింది. సంబంధం చూసి చేసుకోవడం అంటే అదీ!

కోట చూడ్డానికి పాతకాలంలా ఉంటుంది గానీ మొదలుపెట్టింది 1801లో. మేం వెళ్ళినప్పుడు లోపలికి రానివ్వలేదు, తోట వరకే. చెరువు పక్కన టెంపుల్ గార్డెన్ మాత్రం తీరిగ్గా చూడాల్సిందే. బస 84 పౌండ్లు, గది శుభ్రం.

మా ఆయన మొహం విప్పింది రాత్రి భోజనం దగ్గరే. రొట్టె, ఊరగాయ ఉల్లిపాయ, పక్కన పొడిపొడిగా రాలే చెషైర్ చీజ్, 11.50 పౌండ్లు. కాస్త పుల్లగా, ఉప్పగా ఉండే ఆ చీజ్ మన నాలుకకి బాగా పడుతుంది. ఆయన రెండోసారి తెప్పించుకున్నారు.

ఇదే పేరుని కాస్త కుదించి రాసుకునే శాఖ యార్క్‌షైర్‌లో ఉండేది. ఎనిమిదో హెన్రీ రాజు క్రైస్తవ మఠాల్ని రద్దు చేశాక అక్కడి విట్బీ మఠం భూములు వాళ్ళ చేతికొచ్చాయి. శిథిలాల పక్కన వాళ్ళు కట్టిన భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది. విట్బీ స్టేషన్ నుంచి నడిచే వెళ్ళొచ్చు, కాకపోతే 199 మెట్లెక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి.