మెఫీబోషెతు అంటే ఏమిటి? స్ట్రాంగ్స్ కాంకార్డెన్స్ ఎంతవరకు చెబుతుంది

హీబ్రూ పేరుకు అర్థం కావాలంటే ఎక్కువమంది ముందుగా తెరిచేది జేమ్స్ స్ట్రాంగ్ 1890లో తెచ్చిన కాంకార్డెన్సునే, అంటే బైబిల్లోని ఏ మాట ఏ వచనాల్లో ఉందో చూపే సూచికనే. దావీదు, సమూయేలు లాంటి తెలిసిన పేర్లతో దాని సత్తా తేలదు. సౌలు రాజు మనవడు, యోనాతాను కొడుకు మెఫీబోషెతు లాంటి పేరు పెట్టి చూడాలి.

ఈ పుస్తకానికి ఆధారం కింగ్ జేమ్స్ బైబిలు. అందుకే తెలుగు అక్షరాలను బట్టి స్పెల్లింగు ఊహించొద్దు. ముందు తెలుగు బైబిల్లో వచనం పట్టుకోండి: 2 సమూయేలు 4:4. అదే వచనం ఇంగ్లీషులో చూసి, ఆ స్పెల్లింగుతో కాంకార్డెన్సులో వెతికితే వరుస చివర ఆ పేరుకు స్ట్రాంగ్ ఇచ్చిన నంబరు, 4648, కనిపిస్తుంది. వెనకున్న నిఘంటువులో ఆ నంబరు తీయాలి. తడబడేది ఇక్కడే. నిలువు అంకెలు హీబ్రూకి, వాలు అంకెలు గ్రీకుకి. గ్రీకు విభాగంలోనూ 4648 ఉంది. పొరపాటున అది తెరిస్తే ‘గురిపెట్టి చూడటం’ అనే క్రియ వస్తుంది.

హీబ్రూ 4648 ఈ పేరును 6284 (ఊది చెదరగొట్టు), 1322 (బోషెత్, అవమానం) అని విడదీసి ‘అవమానాన్ని పారదోలేవాడు’ అంటుంది. అయితే ముందు ‘బహుశా’ అని రాసి ఉంది. పేర్ల అర్థాల జాబితాల్లోకి వచ్చేసరికి ఆ ‘బహుశా’ ఎగిరిపోతోంది. నష్టమంతా అక్కడే.

అసలు కథ నిఘంటువులో కాదు, వచనాల్లో ఉంది. 1 దినవృత్తాంతములు 8:34లో ఇతని పేరు మెరీబ్బయలు. దాని ముందు వచనంలోని సౌలు కొడుకు ఎష్బయలే 2 సమూయేలు 2:8లో ఇష్బోషెతు. న్యాయాధిపతులు 6:32లో గిద్యోనుకు వచ్చిన యెరుబ్బయలు అనే పేరు 2 సమూయేలు 11:21లో యెరుబ్బెషెతు అయింది. మూడూ పక్కపక్కన పెడితే, బయలు ఉన్నచోట లేఖకులు బోషెత్ చేర్చారని తెలుస్తుంది. ఎక్కువమంది పండితుల మాట కూడా ఇదే. బయలు అంటే ‘ప్రభువు, యజమాని’; కనానీయుల దేవుడి పేరూ అదే, అందుకే ఆ మార్పు. అయినా బయలుతో పేరు పెట్టుకోవడం అప్పట్లో మామూలే: ఇశ్రాయేలులోని తవ్వకాల స్థలం ఖిర్బెత్ ఖెయాఫాలో 2012లో దొరికిన కుండ పెంకులు అతికిస్తే ఎష్బయలు అన్న పేరు బయటపడింది. బోషెత్‌ను అవమానంతో కాక, గౌరవాన్ని సూచించే అక్కదు (ప్రాచీన మెసొపొటేమియా భాష) పదం బాష్తుతో కలిపే పండితులూ ఉన్నారు. స్ట్రాంగ్ మాత్రం ‘అంటే బయలు’ అని చిన్న సూచన ఇచ్చి ఊరుకున్నాడు. పైగా 2 సమూయేలు 21:8లోని మరో మెఫీబోషెతుకూ ఇదే నంబరు.

కాబట్టి వచనాలు వెతకడానికి దీన్ని మించింది లేదు, అర్థానికి మాత్రం దీనితో ఆగకూడదు. తర్వాత తీయాల్సింది 1906 నాటి హీబ్రూ నిఘంటువు బ్రౌన్–డ్రైవర్–బ్రిగ్స్. అందులో మాటలు ధాతువుల వరుసలో ఉంటాయి, కొత్తవాళ్లకు దొరకవు. స్ట్రాంగ్ నంబర్లు చేర్చిన ముద్రణే కొనండి. రెండూ 1929లో సిరియాలోని ప్రాచీన నగరం ఉగరిత్‌లో బయలు కథలున్న పలకలు బయటపడక ముందటివి కనుక, బయలు ఉన్న పేర్లకు కొత్త నిఘంటువు ఒకటి తప్పనిసరి. కాగితం ప్రతిలో అచ్చు మరీ సన్నం. యాప్ వాడేవాళ్లు 4648 తెరిచి, ‘బహుశా’ ఉందో లేదో చూసుకున్నాకే దాన్ని నమ్మండి.