బిల్లులో పంజరం ఉంది, చిలుక లేదు: రామచిలుకని కొనబోయేవాళ్లు ఒక్కసారి చదవండి

పిల్లలు ముచ్చటపడుతున్నారనో, ఇంట్లో పెద్దవాళ్లకి తోడుంటుందనో రామచిలుకని కొనాలనుకుంటున్నారా? దయచేసి ఆగండి. నేను కొన్నాను. డబ్బు పోయిన బాధ ఎప్పుడో తగ్గిపోయింది. తెలియక నేరం చేశానన్న టెన్షన్, ఒక పిట్ట ఉసురు పోసుకున్నానన్న బాధ మాత్రం ఇంకా తగ్గలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేముండేది హైదరాబాద్‌లో. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. మేం ఆఫీసులకి వెళ్లిపోతే పగలంతా ఒక్కతే ఉంటుంది. చిన్నప్పుడు వాళ్లింట్లో చిలుక ఉండేదని, గుమ్మంలో ఎవరు కనబడినా "ఎవరొచ్చారూ" అని అరిచేదని చాలాసార్లు చెప్పింది. అది మనసులో పెట్టుకుని ఏప్రిల్‌లో ఒక ఆదివారం పక్షులు, కుక్కపిల్లలు అమ్మే షాపుకి వెళ్లాను. కేసు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

బయట వరసగా పెట్టిన పంజరాల్లో అన్నీ లవ్ బర్డ్సే. రామచిలుక ఉందా అని అడిగితే షాపు అబ్బాయి ఒకసారి రోడ్డు వైపు చూసి లోపలికి వెళ్లాడు. గుడ్డ కప్పిన అట్టపెట్టె తెచ్చాడు. అందులో ఆరు పిల్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒక మూలకి నక్కి ఉన్నాయి. ఒకదాన్ని బయటికి తీసి, "ఇది మగది అక్కా, మూడు నెలల్లో మాటలొచ్చేస్తాయి" అన్నాడు. పర్మిషన్ లాంటిదేమైనా కావాలా అని అడిగాను. "ఎవరింట్లో లేవు చెప్పండి? ఇవి ఫామ్‌లో పుట్టినవి, లీగలే. బిల్లు కూడా ఇస్తాం కదా" అన్నాడు. పంజరం, గింజలు అన్నీ కలిపి 2,200 రూపాయలు ఫోన్‌లోనే కట్టేశాను.

ఇంటికొచ్చాక అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఎడమ రెక్క విప్పి చూసింది. పొడవాటి ఈకలన్నీ సగానికి కత్తిరించేసి ఉన్నాయి. కత్తెర పడిన చోట ఈకల కాడలు తెల్లగా మొండిగా కనిపిస్తున్నాయి. అమ్మ ముఖం మారిపోయింది. "పూర్వజన్మలో చిలుకని పంజరంలో పెట్టినందుకే గోపన్నగారు గోల్కొండ జైల్లో పన్నెండేళ్లు ఉన్నారంటారు. నాకెందుకే ఈ పాపం?" అంది. భద్రాచలం రామదాసుగారి గురించి మనవాళ్లు తరతరాలుగా చెప్పుకునే కథే అది. నేనే నచ్చజెప్పాను. జామకాయ ముక్కలు, పచ్చిమిర్చి పెట్టాం. రెండు రోజులు ఏదో కొరికింది.

నాలుగో రోజుకి తిండి మానేసి, ఒళ్లంతా ఉబ్బించుకుని కళ్లు మూసుకుని కూర్చుండిపోయింది. వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మందు వేసి, ఎక్కడ కొన్నారని అడిగారు. చెప్పాను. "అమ్మా, ఇది ఇంట్లో పెట్టుకోకూడని పక్షి. ముందు బతికించుకుందాం. తర్వాత ఫారెస్ట్ వాళ్లకి అప్పజెప్పండి" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. ఈ వయసులో ఆడా మగా అన్నది చూసి చెప్పలేరట. మగ చిలుక మెడ చుట్టూ ఉండే నలుపు, గులాబీ రంగు పట్టీ రావడానికి రెండు మూడేళ్లు పడుతుందట. అంటే "మగది అక్కా" అన్నదీ అబద్ధమే.

షాపుకి ఫోన్ చేస్తే, "అది తెచ్చిచ్చేయండి, ఇంకోటి ఇస్తాం" అన్నాడు. చీర మార్చినట్టు. అప్పుడు బిల్లు తీసి సరిగ్గా చూశాను. పంజరం ఒకటి, గింజలు ఒక కిలో, మొత్తం 2,200 అని ఉంది. చిలుక అన్న మాటే లేదు. మన చేతికి బిల్లిచ్చి ధైర్యం చెబుతారు, రేపు ఏదైనా అయితే మేం అమ్మింది పంజరమే అంటారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేడ మీదికి తీసుకెళ్లి వదిలేద్దామా అనిపించింది. కానీ ఎగరలేని పిల్లని వదిలితే పిల్లికో, కాకులకో అప్పజెప్పినట్టే. మర్నాడు అమ్మని వెంటబెట్టుకుని ఫారెస్ట్ ఆఫీసుకి వెళ్లాను. కాళ్లు వణికాయి, నిజమే చెబుతున్నాను.

అక్కడి ఆఫీసర్ ముందు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. తర్వాత చిలుకని టవల్‌లో చుట్టి పట్టుకుని, రెక్కని రెండు వేళ్ల మధ్య విప్పి, తెగిన ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నారు. తొమ్మిది. ఎంతో పని ఉన్న మనిషి ఒక పిట్ట రెక్కని అంత శ్రద్ధగా చూడటం నేను మర్చిపోలేను.

ఆయన చెప్పిందంతా నాకు కొత్తే. మన దేశపు అడవి పక్షుల అమ్మకం 1990-91 నుంచే నిషేధం. రామచిలుక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. 2022లో ఆ చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. షెడ్యూల్ అంటే ఆ చట్టంలోని ప్రాణుల జాబితా. నాలుగో షెడ్యూల్‌లో ఉన్న చిలుకని రెండో షెడ్యూల్‌లోకి మార్చారు. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అంతకుముందు జరిమానా 25 వేల దాకానే ఉండేది. అమ్మినవాడితో పాటు కొన్నవాళ్లదీ నేరమే. జోస్యం చెప్పేవాళ్ల చేతిలో ఉన్న చిలుకకైనా ఇదే చట్టం.

ఫామ్‌లో పుట్టినవన్న మాటకి ఆయన తల అడ్డంగా ఊపారు. చలికాలం చివర్నుంచి వేసవి దాకా చిలుకలు చెట్టు తొర్రల్లో పిల్లల్ని పెడతాయి. తొర్రలో చెయ్యి పెట్టి, ఒక్కోసారి తొర్రనే పగలగొట్టి పిల్లల్ని లాగుతారు. మార్కెట్‌కి చేరేలోపే చాలా చచ్చిపోతాయి. ఈ సీజన్‌లో షాపులో చిలుక పిల్లలు కనబడుతున్నాయంటే ఎక్కడో తొర్రలు ఖాళీ అయినట్టేనమ్మా అన్నారు.

నన్ను భయపెట్టలేదు. నా దగ్గర స్టేట్‌మెంట్ తీసుకున్నారు. ఫోన్‌లో డబ్బు కట్టిన వివరాలు, బిల్లు, షాపు వాడి మెసేజ్‌లు అన్నీ ఇచ్చాను. "మేం వెళ్లేసరికి పెట్టెలు మాయమైపోతాయి. కొన్నవాళ్లు ముందుకొచ్చి చెబితేనే కేసు నిలబడుతుంది. కానీ భయపడి ఎవరూ రారు" అన్నారు. పది రోజుల తర్వాత సిబ్బంది ఆ షాపు వెనక గదిలో సోదా చేశారు. దొరికిన చిలుకలన్నింటికీ పంచనామా రాసి, మేజిస్ట్రేట్ అనుమతి తీసుకునే పునరావాసానికి పంపారట. పట్టుకున్నవాటిని వెంటనే వదిలేస్తారనుకునేదాన్ని. దాని వెనక ఇంత కాగితం పని, ఇంత కాపలా ఉంటుందని తెలియదు. పాతబస్తీ సందుల్లో, సంతల్లో వాళ్లు పడే కష్టం మన కంటికి కనబడదు.

ఇంట్లో పక్షి ఉండి తీరాలి అనుకుంటే బడ్జీలు, కాక్‌టీల్స్ లాంటివి ఇక్కడి అడవి పక్షులు కావు, వాటి అమ్మకం మీద ఈ నిషేధం లేదు. అయినా షాపు ముందు చూసుకోండి. 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ పత్రం అందరికీ కనబడేలా పెట్టాలి. అది లేకపోతే బయటికి వచ్చేయండి. బిల్లులో పక్షి పేరు రాయమని అడగండి. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి ఖరీదైన విదేశీ చిలుకలైతే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. "అదంతా మేం చూసుకుంటాం" అంటే నమ్మకండి. మునియాలనే ఇక్కడి చిన్న అడవి పిట్టలకి రంగు పూసి విదేశీ పిట్టలని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. తడి వేలితో రుద్దితే ఒక్కోసారి రంగు చేతికి అంటుకుంటుంది.

ఇప్పటికే ఇంట్లో రామచిలుక ఉన్నవాళ్లకి ఒక మాట. ఎవరికో ఇచ్చేయకండి, అమ్మకండి, రెక్కలు కత్తిరించిన పక్షిని బయట వదలకండి. దగ్గర్లోని ఫారెస్ట్ ఆఫీసుకి మీరే తీసుకెళ్లండి. అందరి విషయంలో ఒకేలా జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. నా విషయంలో మాత్రం మనంతట మనం వెళ్లి నిజం చెప్పడమే మంచిదైంది.

మొన్న ఫోన్ చేసి అడిగాను. మా చిలుక తింటోందట, మిగతావాటితో కలిసి పెద్ద ఎన్‌క్లోజర్‌లో ఉందట. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి రావాలి, దానికి నెలలు పడుతుంది. ఇప్పటికి రెండు వచ్చాయని చెప్పారు. ఇంకా ఏడు రావాలని అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది.