కొన్నేళ్లుగా కాసా వాడుతున్నా: రెండుగా కనిపించే బ్లేజర్ కోసం

చిలీలో ఎన్నో యాంటెన్నాలు కలిసి పనిచేసే ఆల్మా రేడియో టెలిస్కోపు డేటాను విప్పి చూడాలంటే కాసా సాఫ్ట్‌వేర్ దాదాపు తప్పనిసరి. నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను, రాత్రిళ్లు ఇంట్లో మామూలు డెస్క్‌టాప్ మీద దీంతో కూర్చుంటాను. ఉచితం. లైనక్స్, మ్యాక్‌లలో నడుస్తుంది, విండోస్‌లో నేరుగా నడవదు. ఐదుకు నాలుగు ఇస్తాను.

నా ధ్యాసంతా పీకేఎస్ 1830-211 అనే బ్లేజర్ మీదే. బ్లేజర్ అంటే, భారీ కృష్ణబిలం దగ్గర్నుంచి పదార్థపు ధార (జెట్) దాదాపు మనవైపే దూసుకొచ్చే గెలాక్సీ కేంద్రం. మధ్యలో అడ్డొచ్చిన గెలాక్సీ గురుత్వం దాని వెలుగును వంచి, సుమారు ఒక ఆర్క్‌సెకను (డిగ్రీలో 3600వ వంతు) ఎడంలో రెండు బింబాలుగా చూపిస్తుంది. ఈశాన్య బింబంలో ఇవాళ వచ్చిన మార్పు నైరుతి బింబంలో దాదాపు 26 రోజులకు గానీ కనిపించదు. జెట్ భగ్గుమని పోలరైజేషన్ కోణం (వెలుగు తరంగం ఊగే దిశ) గబగబా మారుతున్నప్పుడు, ఆ ఆలస్యం వల్ల రెండింటి కోణాలూ ఒకటిగా ఉండవు. గురుత్వం వెలుగు దారిని వంచుతుందే గానీ పోలరైజేషన్‌ను చెప్పుకోదగ్గంతగా తిప్పదు కాబట్టి, ఆ తేడాలో జెట్ కథే ఉంటుంది.

కాసా నాకు నచ్చింది ఇక్కడే. బొమ్మ గీసిచ్చి ఊరుకోదు, యాంటెన్నా జంటల వారీగా కొలతలన్నీ పైథాన్‌లోకి తెచ్చుకోనిస్తుంది. ప్రతి యాంటెన్నా ఒకదానికొకటి లంబంగా ఉండే ఎక్స్, వై అనే రెండు ఊగే దిశల్లో వెలుగును విడివిడిగా అందుకుంటుంది. ఎక్స్‌ఎక్స్‌లో (రెండు యాంటెన్నాల ఎక్స్‌లను జతచేసిన కొలతలో) రెండు బింబాల ప్రకాశాల నిష్పత్తి కట్టి, వైవైలోనూ కట్టి, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే, రెండు బింబాల వెలుగూ అవే యాంటెన్నాల గుండా వచ్చిందే కాబట్టి గెయిన్ తప్పులు (యాంటెన్నాలు సిగ్నల్‌ను పెంచడంలో వచ్చే తేడాలు) చాలావరకు కొట్టుకుపోతాయి, మిగిలేది పోలరైజేషన్ తేడా. క్రాస్ కొలతలు (ఎక్స్‌ను వైతో జతచేసేవి) లేని పాత డేటా కూడా దీనికి పనికొస్తుంది! 2015లో ఖగోళ శాస్త్రవేత్త ఇవాన్ మార్తీ-విదాల్ బృందం ఈ దారిలోనే జెట్ మొదట్లో చదరపు మీటరుకు 10 కోట్ల రేడియన్ల స్థాయి ఫారడే భ్రమణాన్ని (అయస్కాంత క్షేత్రమున్న ప్లాస్మా గుండా వచ్చేటప్పుడు పోలరైజేషన్ కోణం తిరగడాన్ని) పట్టుకుంది, అంటే అక్కడ అయస్కాంత క్షేత్రం చాలా బలమైనదన్నమాట. భూమి తిరిగేకొద్దీ పారలాక్టిక్ కోణం (యాంటెన్నాకూ ఆకాశంలోని దిశలకూ మధ్య కోణం) మారుతుంటే ఆ నిష్పత్తి చుక్కలు స్క్రీన్ మీద మెల్లగా పైకి లేచి కిందికి దిగడం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆర్కైవ్‌లోని పాత డేటాతో వచ్చే క్యాలిబ్రేషన్ (కొలతల్ని సరిదిద్దే) స్క్రిప్టులు అప్పటి కాసా వెర్షన్‌లోనే సరిగా నడుస్తాయి, అందుకని రెండు మూడు వెర్షన్లు పక్కపక్కన పెట్టుకోవాలి. కాసాలో గ్రాఫులు గీసే ప్లాట్‌ఎంఎస్ పెద్ద ఫైళ్లకు నత్తనడకే, హార్డ్ డిస్క్ ఇట్టే నిండిపోతుంది. ఎండాకాలంలో టీక్లీన్ (కొలతల నుంచి బొమ్మ తయారుచేసే పని) నడుస్తుండగా కరెంటు పోతే మహా టెన్షన్, యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. స్ప్లిట్ అనే కమాండ్‌తో కావాల్సిన సోర్సు ఒక్కటే విడదీసి, ఫ్రీక్వెన్సీ ఛానెళ్లకు సగటు తీసుకుంటే 16 జీబీ ర్యామ్‌తో పని జరిగిపోతుంది.