రెండేళ్ళుగా మిరపకాయ క్రీము రాస్తున్నాను

ఎడమ రొమ్ముకి ఆపరేషన్ అయ్యి మూడేళ్ళు దాటింది. చంకలో గ్రంథులు కూడా తీశారు. కుట్లు మానాయి, రిపోర్టులు బాగున్నాయి, నొప్పి మాత్రం పోలేదు. చంక నుంచి మోచేతి దాకా లోపలివైపు చర్మం మొద్దుబారి ఉంటుంది. అదే చోట చీర కొంగు తగిలితే నిప్పు రాసుకున్నట్టు ఉంటుంది. మొద్దుబారిన చోట మంటేమిటని ఇంట్లోవాళ్ళకే అర్థం కాలేదు. మొదట చూపించుకున్న డాక్టరుగారు "క్యాన్సర్ పోయింది కదమ్మా, ఇంకా టెన్షన్ దేనికి" అని పంపేశారు. ఏడాది తర్వాత పెయిన్ క్లినిక్‌లో ఒక మేడమ్ చెప్పారు, గ్రంథులు తీసేటప్పుడు చంకలోంచి చేతికి పోయే సన్నటి నరం దెబ్బతింటే ఇలాగే ఉంటుందని.

ముందు నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్ మాత్ర, 75 మిల్లీగ్రాములది ఇచ్చారు, రాత్రిపూట. రాత్రి నిద్ర పట్టింది, పగలూ పట్టింది. ఓ రోజు పాలు పొంగి స్టవ్ ఆరిపోయి గ్యాస్ వాసన కొడుతున్నా సోఫాలోంచి లేవలేదు. పాదాలు వాచాయి. డోసు పెంచుతామంటే నేనే వద్దన్నాను. నరాల నొప్పికే ఇచ్చే ఇంకో మందు డులోక్సెటిన్ సంగతి అడిగితే, క్యాన్సర్ తిరగబెట్టకుండా టామాక్సిఫెన్ వాడుతున్నారు కదా, ఒంట్లో ఆ టామాక్సిఫెన్ పనికి ఇది అడ్డు రావచ్చు అన్నారు. అలా క్యాప్సైసిన్ క్రీము దగ్గరికి వచ్చాం, 0.075 శాతం. మిరపకాయలో ఘాటు ఇదే.

మాది గుంటూరు వైపు. కారం గురించి నాకా చెప్పేది అనుకున్నాను. మొదటిసారి రాసిన పావుగంటకి ఫ్యాన్ కింద చెయ్యెత్తుకుని నిలబడి ఏడ్చాను. రోజుకి నాలుగుసార్లు రాయాలి. మొదటి పది రోజులూ అసలు నొప్పి కంటే ఈ మంటే ఎక్కువ. వేడినీళ్ళ స్నానం చేశానా, అయిపోయినట్టే. ఒకసారి చేతులు సరిగ్గా కడగకుండా కన్ను నులుముకున్నాను. ఇంట్లో కారం దంచిన రోజు మా నాన్నమ్మ చేతులకి నూనె రాసి తుడుచుకునేది, ఉత్త నీళ్ళకి ఘాటు వదలదని. ఇప్పుడు నాదీ అదే పద్ధతి, తర్వాత సబ్బు.

మూడో వారం ఒక రాత్రి మంట లేదని గమనించాను. ఈ ఘాటు నరాల కొసల్ని ముందు రెచ్చగొడుతుందట, రోజూ రాస్తుంటే అవే మందగిస్తాయట. ఆ కొసల్లో దాన్ని పట్టుకునే గ్రాహకాన్ని 1997లో కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ ఇచ్చారని మా అమ్మాయి చెప్పింది. ఇవ్వాల్సిందే. కానీ మధ్యలో మానకూడదు. పెళ్ళికని ఊరెళ్ళి వారం మానేస్తే కథ మళ్ళీ మొదటికొచ్చింది.

నా లెక్కన పదికి ఎనిమిదిగా ఉన్న మంట మూడు, నాలుగుకి దిగింది. ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టు వచ్చే పోట్లకి మాత్రం ఇది ఏమీ చేయలేదు. వాటికోసం ఆ ప్రీగాబలిన్ ఇంకా వేసుకుంటున్నాను, డోసు పెంచకుండా. భుజం బిగుసుకోవడానికి ఫిజియో నేర్పిన గోడ మీద వేళ్ళు పాకించే వ్యాయామమే పనిచేసింది, ఈ క్రీము కాదు. పుండు పూర్తిగా మానకముందు, చర్మం చిట్లిన చోట అసలు రాయొద్దు.

అన్ని మందుల షాపుల్లో దొరకదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. నేను రెండు ట్యూబులు ఒకేసారి తీసుకుంటున్నాను. ఎడమవైపు తిరిగి పడుకోవడం ఇంకా కుదరలేదు. బ్లౌజు మాత్రం ఈ మధ్య మళ్ళీ చేతులున్నదే కుట్టించుకున్నాను.